లివర్‌లో నీటి తిత్తా, హైడాటిడ్ గడ్డా, హిమాంజియోమానా? సోనోగ్రఫీతో ఎంతవరకు తేలుతుంది

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కదా. మీది దెగ్లూర్ దగ్గరి ఊరు. తాతల కాలం నుంచి గొర్రెలు కాస్తున్న ఇల్లు. అమ్మగారికి 46 ఏళ్లు. జ్వరం లేదు. తిన్న తర్వాత కడుపు ఉబ్బరం, మంట అని చూపిస్తే సోనోగ్రఫీ రాశారు. రిపోర్టులో లివర్ కుడి భాగంలో 4.2 సెంటీమీటర్ల నీటి గడ్డ ఉందని, అది మామూలు తిత్తో హైడాటిడో (పురుగు వల్ల వచ్చే తిత్తి) చెప్పలేమని రాశారు. దానికి దూరంగా 1.8 సెంటీమీటర్ల తెల్లటి మచ్చ ఉంది, అది హిమాంజియోమా (రక్తనాళాల ముద్ద) కావచ్చన్నారు. ఒక డాక్టరు సూదితో నీళ్లు తీసి పరీక్షకు పంపుదామన్నారు. ఇంకొకరు సిటీ స్కాన్ అన్నారు. ఇంట్లో చుట్టాలు కేన్సర్ మాట ఎత్తారు. ఇవన్నీ లేకుండా సోనోగ్రఫీతోనే తేలదా అని మీరు అడిగారు.

అన్నిటికంటే ముందు ఒక మాట. సూది ఇప్పుడు వేయించకండి. ఆ నీటి గడ్డ హైడాటిడ్ కాదని తేలేదాకా ఎవరు చెప్పినా వేయించకండి. కారణం కింద చెబుతాను.

నేను రేడియాలజిస్టుని. 22 ఏళ్లుగా ఈ మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులోనే స్కానింగ్ చేస్తున్నాను. నా దగ్గరికి బిలోలి, ధర్మాబాద్, దెగ్లూర్ నుంచి వస్తారు, అటు తెలంగాణ వైపు మద్నూర్, బిచ్కుంద నుంచీ వస్తారు. ఇటువాళ్లు సోనోగ్రఫీ అంటారు, అటువాళ్లు స్కానింగ్ అంటారు, జబ్బులు మాత్రం ఒకటే. ఎండాకాలంలో మందలు తోలుకుని ఊళ్లు దాటే కురుమలు, ధన్‌గర్లు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఇది. అందుకే లివర్‌లో నీటి గడ్డ కనబడగానే నేను మొదట అడిగేది నొప్పి గురించి కాదు. ఇంట్లో గొర్రెలున్నాయా, మంద వెంట కుక్కలున్నాయా, ఊళ్లో మేక కోసినప్పుడు పనికిరాని కార్జం, ఊపిరితిత్తులు ఎక్కడ పడేస్తారు అని అడుగుతాను. మీ రిపోర్టు రాసినవాళ్లు ఈ మాట అడిగారో లేదో తెలియదు. అడగకపోతే మీరే చెప్పండి. ఆ ఒక్క వివరంతో బొమ్మను చూసే కన్ను మారుతుంది.

హైడాటిడ్ అనేది ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే చిన్న బద్దె పురుగు వల్ల వస్తుంది. పెద్ద పురుగు కుక్క పేగులో ఉంటుంది. పొడవు కొన్ని మిల్లీమీటర్లే, బియ్యపు గింజంత కూడా ఉండదు. దాని గుడ్లు కుక్క మలంతో బయటికొచ్చి గడ్డి మీద, నీళ్లలో, కుక్క వెంట్రుకల మీద ఉంటాయి. గొర్రె ఆ గడ్డి తింటే గుడ్డు పగిలి లార్వా రక్తంలోకి వెళ్లి కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో తిత్తిగా పెరుగుతుంది. ఆ కార్జం కుక్కకు పడితే మళ్లీ పురుగులు. ఈ చక్రంలో మనిషికి చోటే లేదు. కుక్కను నిమిరిన చేత్తో అన్నం తినడం, కడగని కూరగాయలు తినడం, కుక్కలు తిరిగే చోటి నీళ్లు తాగడం లాంటి వాటితో గుడ్డు మన నోట్లో పడుతుంది, గొర్రెకు జరిగిందే మనకూ జరుగుతుంది. పదిమందిలో ఏడుగురికి లివర్‌లోనే వస్తుంది, ఇద్దరికి ఊపిరితిత్తుల్లో వస్తుంది, మిగతావి వేరే చోట్ల.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. మటన్ తినడం వల్ల ఇది రాదు. తిత్తి ఉన్న కార్జం తిన్నా మనిషికి రాదు, అది కుక్కకు మాత్రమే ప్రమాదం. మనిషి నుంచి మనిషికీ రాదు, కాబట్టి అమ్మగారి కంచం, గ్లాసు వేరు చేయాల్సిన పని లేదు. ఇంకోటి, గొర్రె కోసినప్పుడు పేగుల కొవ్వుకు వేలాడుతూ పల్చని నీటి సంచులు కనిపిస్తాయి, చాలామంది అవే హైడాటిడ్ అనుకుంటారు. అవి సాధారణంగా వేరే బద్దె పురుగువి, మనుషులకు సోకవు. హైడాటిడ్ తిత్తి కార్జంలో, ఊపిరితిత్తిలో కూరుకుపోయి, గట్టి తెల్లటి గోడతో ఉంటుంది. కోసేవాళ్లకు ఈ తేడా చూపిస్తే వెంటనే పట్టుకుంటారు.

ఇక అసలు విషయం. స్కానింగ్‌లో ఈ గడ్డలను విడదీసేది గోడ. నా అనుభవంలో కొలతలు, రంగుల కంటే గోడే ఎక్కువ చెబుతుంది. కొలత ఎవరైనా తీస్తారు. గోడ చూడాలంటే టైం పెట్టాలి.

మామూలు నీటి తిత్తి పుట్టుకతోనే ఉండేది, చాలామందికి ఉంటుంది, ఏ హానీ చేయదు. లోపల నల్లగా, స్వచ్ఛమైన నీరులా కనిపిస్తుంది. తిత్తి వెనక లివర్ ఎక్కువ తెల్లగా వెలుగుతుంది, ఎందుకంటే శబ్ద తరంగాలు నీళ్లలో ఏమీ తగ్గకుండా వెళతాయి. గోడ మాత్రం కంటికి కనబడదు, నలుపు ఆగిన చోట లివర్ మొదలవుతుంది, అంతే.

హైడాటిడ్ తిత్తికి గోడ ఉంటుంది, అదీ ఒక్కటి కాదు. బయట మన శరీరం కట్టుకున్న పీచు పొర, దాని లోపల పురుగు కట్టుకున్న పొరలు. వీటిమీదకి తరంగాలు నిటారుగా పడితే రెండు తెల్లగీతలు, వాటి మధ్య సన్నని నల్లగీత కనబడతాయి. ఈ జంటగీత ఒక్కచోట స్పష్టంగా కనబడినా చాలు, మామూలు తిత్తి కాదని గట్టిగా అనుమానించాలి. అయితే ఇది చుట్టూరా కనబడదు, ప్రోబ్‌కి, అంటే ఒంటిమీద ఆనించే స్కానింగ్ పరికరానికి, ఎదురుగా ఉన్న భాగంలోనే కనబడుతుంది. అందుకే ఒకే కోణంలో చూసి రిపోర్టు రాస్తే తప్పిపోతుంది. పక్కటెముకల కింద నుంచి ఒకసారి, ఎముకల సందులోంచి ఒకసారి, గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టమని ఒకసారి చూడాలి. గడ్డ చర్మానికి దగ్గరగా ఉంటే మామూలు కడుపు ప్రోబ్ తీసేసి, థైరాయిడ్ చూసే లీనియర్ ప్రోబ్ పెడితే గోడ పొరలు విడివిడిగా కనిపిస్తాయి. చాలాచోట్ల ఈ పని చేయరు, కానీ చేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

రెండో గుర్తు కదలిక. హైడాటిడ్ నీళ్లలో ఇసుక లాంటి సన్నని రేణువులు ఉంటాయి, అవి పురుగు పిల్లల తలలు. మనిషి కదలకుండా పడుకుంటే అడుగుకు చేరి కనబడకుండా పోతాయి. అమ్మగారిని ఎడమవైపు తిరగమని, ఆ తర్వాత లేచి కూర్చోమని చెప్పి వెంటనే ప్రోబ్ పెడితే, నీళ్లలో జొన్నపిండి కదిలినట్టు తెల్లటి చుక్కలు లేచి మెల్లగా కిందికి దిగుతాయి. మామూలు తిత్తిలో ఈ కదలిక ఉండదు. ఒక జాగ్రత్త ఏమిటంటే, మెషీన్ గెయిన్ (బొమ్మ వెలుగు) ఎక్కువ పెడితే మామూలు తిత్తిలో కూడా పైభాగంలో మసక కనబడుతుంది. అది మెషీన్ వేసిన బొమ్మే. గెయిన్ తగ్గించి, హార్మోనిక్ మోడ్ అనే, మసక తగ్గించే సెట్టింగ్ పెట్టి చూస్తే ఆ మసక పోతుంది, నిజమైన రేణువులు మాత్రం ఉంటాయి.

హైడాటిడ్‌కి ఒక వయసు కూడా ఉంటుంది. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతూ, ఎక్కడో ఒకచోట ముసలిదై చచ్చిపోతుంది. ఆ దశలన్నీ స్కానింగ్‌లో చదవొచ్చు. ట్యునీషియా రేడియాలజిస్టు గర్బీ 1981లో దీన్ని మొదట ఐదు రకాలుగా విడగొట్టారు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం దాన్ని సవరించి, పురుగు బతికుందా, నీరసించిందా, చచ్చిందా అనే లెక్కన సీఈ-1 నుంచి సీఈ-5 వరకు పేర్లు పెట్టింది (సీఈ అంటే సిస్టిక్ ఎకినోకాకోసిస్, హైడాటిడ్ జబ్బుకు వైద్య పేరు). వైద్యం ఈ నంబరు మీదే ఆధారపడుతుంది. అందుకే రిపోర్టులో 'హైడాటిడ్' అని రాసి వదిలేస్తే సగం రిపోర్టే అంటాను.

పైన చెప్పిన జంటగీత, ఇసుకతో ఉన్న ఒంటి తిత్తి సీఈ-1. లోపల చిన్న చిన్న పిల్ల తిత్తులు పుట్టి, మధ్యలో గోడలతో తేనెపట్టులా లేదా ఎడ్లబండి చక్రం ఆకుల్లా కనబడితే సీఈ-2. ఈ రెండింటిలో పురుగు బతికి, పెరుగుతూ ఉంటుంది. తర్వాత ఒత్తిడి తగ్గి లోపలి పొర ఊడి, నీళ్లలో కలువాకులా తేలుతుంటే సీఈ-3ఏ. గట్టిపడిన పదార్థం మధ్యలో ఇంకా కొన్ని పిల్ల తిత్తులు మిగిలుంటే సీఈ-3బీ. ఇవి మధ్యస్థం, ఎటైనా మొగ్గొచ్చు. పిల్ల తిత్తులు లేకుండా మొత్తం గట్టిపడితే సీఈ-4. గోడ మొత్తం సున్నంలా మారి వెనక నల్లటి నీడ వేస్తే సీఈ-5. చివరి రెండూ దాదాపు చచ్చినవి. అసలు ఏ గుర్తూ కనబడని ఒట్టి నీటి తిత్తిని 'సీఎల్' అని పక్కన పెడతారు, అంటే పేరు పెట్టడానికి ఇంకా ఆధారం లేదని అర్థం. అమ్మగారి రిపోర్టులో ఉన్నది ఇప్పటికి ఇదే.

ఇందులో చాలా తప్పులు జరిగే చోటు సీఈ-4. అది నీటి గడ్డలా ఉండదు, గట్టి కణితిలా కనిపిస్తుంది. నా తప్పు కూడా ఇక్కడే జరిగింది, ఇది చెప్పకుండా ముందుకెళ్లలేను. ప్రాక్టీసు మొదలుపెట్టి మూడో ఏడు. బిచ్కుంద వైపు నుంచి ఒక కాపరి వచ్చాడు, అరవై దాటిన పెద్దాయన, భుజాన గొంగడి. లివర్‌లో ఏడు సెంటీమీటర్ల గట్టి గడ్డ, లోపల నల్లా తెల్లా కలగలిసి ఉంది. అయిదు నిమిషాల్లో చూసి 'కేన్సర్ అనుమానం' అని రాసి పంపాను. కొడుకులు మందలో సగం గొర్రెలు అమ్మి ఆయన్ని హైదరాబాద్ తీసుకెళ్లారు. అక్కడ ఒక పెద్ద డాక్టరు మళ్లీ సోనోగ్రఫీయే పెట్టి ఇరవై నిమిషాలు చూసి, ఇది ఎప్పుడో చచ్చిపోయిన హైడాటిడ్ అని రాశారట. లోపల చారలు చారలుగా ఉన్నది ఊడిపోయిన పాత పొర మడతలు పడి చుట్టుకోవడమే. పుస్తకాల్లో దాని పేరే ఉన్ని ఉండ గుర్తు. జీవితమంతా ఉన్నితో బతికిన మనిషి లివర్‌లో ఉన్ని ఉండను నేను గుర్తుపట్టలేకపోయాను. పెద్దాయన కాగితం తెచ్చి చూపించి, "సారూ, గొర్లు మళ్లా పుడతయి, రోగం కాదన్నరు గదా" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి గొర్రెల ఇళ్ల నుంచి వచ్చినవాళ్ల గట్టి గడ్డకు నేను ఎంత టైమైనా పెడతాను.

అప్పుడు చూడాల్సింది ఏమిటంటే, మళ్లీ గోడే. సీఈ-4కి చుట్టూ మందమైన గోడ ఉంటుంది, అక్కడక్కడా సున్నం చుక్కలు ఉంటాయి. లోపల వంకర చారలు ఉంటాయి. కలర్ డాప్లర్ పెడితే లోపల రక్తం పారడం కనబడదు. లివర్ కేన్సర్‌లో చాలావాటికి లోపల రక్తనాళాలు దొరుకుతాయి, పైగా చాలాసార్లు లివర్ అప్పటికే గట్టిపడి, గరుకుగా ఉంటుంది. ఏ ఒక్క గుర్తుతోనూ కొట్టిపారేయకూడదు, అన్నీ కలిపి చూడాలి. అనుమానం మిగిలితే ఎమ్మారై తీయించాలి.

ఇక అమ్మగారి రెండో మచ్చ. హిమాంజియోమా అంటే సన్నని రక్తనాళాల ముద్ద. లివర్‌లో అపాయం లేని గడ్డల్లో అన్నిటికంటే ఎక్కువ కనబడేది ఇదే, ఆడవాళ్లలో ఎక్కువ. ఎక్కువ భాగం 3 సెంటీమీటర్ల లోపు ఉంటాయి. కేన్సర్‌గా మారదు. మందులు లేవు, అవసరమూ లేదు. స్కానింగ్‌లో పత్తి ఉండలా ఒకే తీరుగా తెల్లగా, అంచులు కత్తితో గీసినట్టు ఉంటుంది. పరాన్నజీవి గడ్డకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. దీనికి విడిగా గోడ ఉండదు. తెలుపు ఎక్కడ ఆగితే అక్కడ లివర్ మొదలవుతుంది. చుట్టూ నల్లటి వలయం ఉండదు, సున్నం సాధారణంగా ఉండదు, పక్కనున్న రక్తనాళాలను నెట్టదు. మరి రక్తనాళాల ముద్ద కదా, డాప్లర్‌లో రక్తం కనబడాలి కదా అని చాలామంది అడుగుతారు. కనబడదు. లోపల రక్తం చాలా నెమ్మదిగా కదులుతుంది, మామూలు డాప్లర్ ఆ వేగాన్ని పట్టుకోలేదు. కాబట్టి డాప్లర్‌లో ఏమీ లేదన్నంత మాత్రాన భయపడక్కర్లేదు.

ఒక మెలిక ఉంది. లివర్‌కి కొవ్వు పట్టి ఉంటే లివర్ మొత్తం తెల్లబడుతుంది. అప్పుడు అదే హిమాంజియోమా దాని ముందు నల్లగా కనిపిస్తుంది. షుగర్, బరువు ఎక్కువున్నవాళ్లలో ఇది రోజూ చూస్తాం. గడ్డ మారలేదు, వెనకున్న తెర మారింది. ఇలాంటప్పుడు స్కానింగ్ ఒక్కదానితో హిమాంజియోమా అని రాయకూడదు. అలాగే పిత్తాశయం పక్కన, కొవ్వు తక్కువగా పట్టిన లివర్ ముక్క నల్లటి మచ్చలా కనబడి గడ్డ అనిపిస్తుంది. దానిలోంచి రక్తనాళం వంకర పోకుండా నేరుగా వెళుతుంటే అది గడ్డ కాదు.

మిగతా అపాయం లేని గడ్డలు ఈ వైపు అరుదుగానే చూశాను. ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా అనేది లివర్ రంగులోనే కలిసిపోయి, మధ్యలో మచ్చ, దాని నుంచి చుట్టూ పారే నాళాలతో ఉంటుంది. దానికి వైద్యం అక్కర్లేదు. అడినోమా మాత్రం వేరు. గర్భనిరోధక మాత్రలు ఏళ్ల తరబడి వాడినవాళ్లలో, కండలు పెంచడానికి స్టెరాయిడ్లు తీసుకునే కుర్రాళ్లలో వస్తుంది, 5 సెంటీమీటర్లు దాటితే పగిలి రక్తస్రావం అయ్యే భయం ఉంటుంది కాబట్టి సర్జన్‌కి చూపించాలి. అమ్మగారు అలాంటి మాత్రలు వాడుంటే డాక్టరుకి చెప్పండి.

పరాన్నజీవి గడ్డలు అనేసరికి అమీబా గడ్డ కూడా గుర్తుకొస్తుంది, ఈ సరిహద్దులో హైడాటిడ్ కంటే అదే ఎక్కువ చూస్తాం. మగవాళ్లు, అందులోనూ కల్లు, సారా తాగేవాళ్లు ఎక్కువ. జ్వరం, కుడి పక్క నొప్పి, ఒళ్లు కదిలిస్తే అరుపు. గడ్డలో సన్నని మసక నిండి ఉంటుంది, గోడ పొరలు పొరలుగా ఉండదు. మెట్రోనిడజోల్‌తో జ్వరం రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, కానీ స్కానింగ్‌లో గడ్డ పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది. నయమైపోయిన మనిషి 'గడ్డ ఇంకా ఉంది సార్' అని టెన్షన్‌తో వస్తాడు. అమ్మగారికి జ్వరం లేదన్నారు కాబట్టి ఇది పక్కన పెడదాం.

ఇప్పుడు సూది సంగతి. హైడాటిడ్ నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి. తెలియకుండా గుచ్చితే ఆ నీళ్లు కడుపులోకి కారొచ్చు. ఒకటి, తీవ్రమైన అలర్జీ వచ్చి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రెండు, ఆ ఇసుకలోని ఒక్కో తల ఒక్కో కొత్త తిత్తిగా కడుపంతా పెరగొచ్చు, అది కొన్నేళ్ల తర్వాత గానీ బయటపడదు. అలా అని సూదితో వైద్యమే లేదని కాదు. పెయిర్ అనే పద్ధతి ఉంది, సూది వేసి నీళ్లు తీసి, పురుగును చంపే మందు లోపలికి పంపి, కాసేపు ఆగి మళ్లీ తీస్తారు. కానీ అది హైడాటిడ్ అని తెలిసి, ముందు నుంచి అల్బెండజోల్ ఇస్తూ, పిత్తనాళంతో కలవలేదని చూసుకుని, అలర్జీకి మందులూ అనెస్థీషియా డాక్టరూ పక్కన ఉండగా చేసే పని. ఎక్కువగా సీఈ-1, సీఈ-3ఏ తిత్తులకు. పరీక్ష కోసం ఓపీలో గుచ్చడం వేరు, ఇది వేరు.

రక్తపరీక్ష గురించి కూడా అడుగుతారు. హైడాటిడ్ ఐజీజీ ఎలీసా పాజిటివ్ వస్తే బొమ్మకు బలం వస్తుంది. నెగెటివ్ వస్తే హైడాటిడ్ లేదని కాదు, కొత్త తిత్తుల్లో, చచ్చిన తిత్తుల్లో నెగెటివ్ మామూలే. వేరే బద్దె పురుగులున్నా తప్పుడు పాజిటివ్ రావొచ్చు. అందుకని బొమ్మ ముందు, రక్తం తర్వాత. ఇంకా తేలకపోతే సిటీ కంటే ఎమ్మారై మేలు. తిత్తి లోపలి పొరలు, పిల్ల తిత్తులు ఎమ్మారైలో బాగా కనిపిస్తాయి. పైగా కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే మందు)తో తీస్తే హిమాంజియోమా సంగతి కూడా అదే పరీక్షలో తేలిపోతుంది, అది అంచుల నుంచి ముద్దలు ముద్దలుగా వెలిగి మెల్లగా మధ్యకు నిండుతుంది. సిటీ సున్నాన్ని బాగా చూపిస్తుంది. కానీ రెండూ ఒకేసారి తీయించే అవసరం చాలావరకు రాదు.

మీరు చేయాల్సింది ఇది. నాందేడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలోనో, మీకు దగ్గరున్న రేడియాలజిస్టు దగ్గరో మళ్లీ ఒకసారి సోనోగ్రఫీ చేయించండి. ఆరు గంటలు ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్లండి, రద్దీ తక్కువ ఉంటుంది. గొర్రెలు, కుక్కల సంగతి మొదటి మాటగా చెప్పండి. గోడకు జంటగీత ఉందా, తిప్పి కూర్చోబెట్టినప్పుడు లోపల రేణువులు కదిలాయా, సీఈ నంబరు ఎంత, పిత్తనాళాలు ఉబ్బాయా, ఎడమ లివర్, స్ప్లీన్, కిడ్నీలు, పొట్ట లోపల ఇంకెక్కడైనా తిత్తి ఉందా, ఇవి రాయమని మర్యాదగా అడగండి. మంచి డాక్టరు ఎవరూ దీనికి కోపం తెచ్చుకోరు. ఛాతీ ఎక్స్‌రే కూడా ఒకటి తీయించండి, ఊపిరితిత్తుల్లో తిత్తి ఉంటే తెలుస్తుంది.

గుర్తులు దొరికి సీఈ-1 అని తేలితే, 5 సెంటీమీటర్ల లోపే కాబట్టి చాలాసార్లు అల్బెండజోల్ ఒక్కదానితోనే మొదలుపెడతారు. పెద్దవాళ్లకు సాధారణంగా 400 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, మూడు నుంచి ఆరు నెలలు. బడిలో పిల్లలకు నులిపురుగులకిచ్చే మాత్ర ఇదే, కానీ ఒక్కటి మింగితే దీనికి పనికిరాదు. ఖాళీ కడుపుతో వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. కొంచెం నెయ్యి, నూనె ఉన్న భోజనంతో వేసుకుంటే ఐదింతల దాకా ఎక్కువ పడుతుంది. మన ఇళ్లలో మందు అంటే పథ్యం అని చప్పిడి కూడు పెడతారు, ఈ మందుకు అది తప్పు. లివర్ పరీక్షలు, రక్త కణాల లెక్క మధ్యమధ్యలో చూడాలి, మొదట్లో రెండు వారాలకోసారి. గర్భం ఉన్నవాళ్లు వాడకూడదు. డాక్టరు రాయకుండా మెడికల్ షాపులో కొని మొదలుపెట్టకండి. ఒకవేళ సీఈ-2, సీఈ-3బీ అయితే మాత్రలతో అంతగా లొంగదు, సర్జన్ చూడాలి. సీఈ-4, సీఈ-5 అయితే ఏమీ చేయకుండా ఏడాదికోసారి చూస్తూ ఉండటమే వైద్యం.

ఏ గుర్తూ దొరక్కపోతే, ఎలీసా నెగెటివ్ అయితే, మామూలు తిత్తిగానే చూసి ఆరు నెలలకు మళ్లీ స్కానింగ్. మారకపోతే ఏడాదికోసారి. ఆ 1.8 సెంటీమీటర్ల మచ్చ కూడా అప్పుడే కొలుస్తారు. అమ్మగారికి లివర్ జబ్బు, పచ్చకామెర్ల వైరస్, ఇంతకుముందు కేన్సర్ లేకపోతే, మచ్చ నేను చెప్పినట్టే ఉంటే, దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. ఇంకో సంగతి, తిన్నాక ఉబ్బరం, మంట ఈ రెండింటి వల్ల వచ్చి ఉండదు. 4 సెంటీమీటర్ల తిత్తి సాధారణంగా నొప్పి ఇవ్వదు. గ్యాస్‌కి వైద్యం విడిగా చేయించండి.

అయితే ఈ మధ్యలో ఒక్కసారిగా కడుపు నొప్పి, ఒంటిమీద దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరిగి పడటం లాంటివి వస్తే తిత్తి చిట్లిందేమో అని వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. కళ్లు పచ్చబడి చలిజ్వరం వచ్చినా అంతే, తిత్తి పిత్తనాళంలోకి తెరుచుకుని ఉండొచ్చు. అలా జరగడం అరుదు. అమ్మగారిని భయపెట్టకండి, మీకు మాత్రం తెలిసి ఉండాలి.

రిపోర్టు ఏది వచ్చినా మీ కుక్కల సంగతి ఈ వారమే చూడండి. పశువుల డాక్టరుని అడిగితే ప్రాజిక్వాంటెల్ మాత్ర బరువును బట్టి ఇస్తారు. మళ్లీ పురుగు పెరిగి గుడ్లు పెట్టడానికి ఆరేడు వారాలు పడుతుంది కాబట్టి ఆరు వారాలకోసారి వేస్తే గుడ్లు బయటికి రావు. మందు వేశాక రెండు మూడు రోజులు కుక్కను కట్టేసి, మలాన్ని లోతుగా పూడ్చండి. చచ్చిన గొర్రెను, కోసినప్పుడు మిగిలిన కార్జాన్ని, ఊపిరితిత్తులను కుక్కలకు పచ్చిగా వేయకండి. వేయాలనుకుంటే అరగంట బాగా ఉడకబెట్టండి. ఐస్‌లాండ్ ఒకప్పుడు ఈ జబ్బుతో అల్లాడింది, అదీ గొర్రెలూ కుక్కలూ ఉన్న దేశమే. 1860లలో హరాల్డ్ క్రాబ్బే అనే డెన్మార్క్ శాస్త్రవేత్త అక్కడి కుక్కల పేగులు పరిశీలించి ఇది ఎలా వస్తుందో చెప్పాక, చిన్న పుస్తకం అచ్చువేసి జనానికి పంచారు. కుక్కలకు మందు, పచ్చి కార్జం పడేయకపోవడం, ఇలాంటివి చేసి తర్వాతి తరాల్లో అక్కడ ఈ జబ్బును లేకుండా చేసుకున్నారు. మందను వదులుకోలేదు.

ఇంట్లో మిగతా వాళ్లకు కూడా ఒకసారి సోనోగ్రఫీ చేయించండి, ముఖ్యంగా మంద వెంట తిరిగేవాళ్లకు, కుక్కపిల్లలతో ఆడే పిల్లలకు. అమ్మగారు ఎన్నేళ్ల క్రితం గుడ్డు మింగారో ఎవరూ చెప్పలేరు, అప్పుడు అదే ఇంట్లో తిన్నవాళ్లు, అదే బావి నీళ్లు తాగినవాళ్లు మీరే. కొత్త సోనోగ్రఫీ తీయించాక కాగితం ఒక్కటే కాకుండా బొమ్మలు కూడా ఫోన్‌లో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, పేరు, నంబరు కనబడకుండా చెరిపేసి. గోడ కనబడే బొమ్మ ఒకటి, కూర్చోబెట్టి తీసిన బొమ్మ ఒకటి తప్పకుండా ఉండాలి. నేను చూసి రాస్తాను.